తోక ఎట్లా పోయింది? మళ్లీ మళ్లీ వచ్చే డీఎన్‌ఏ మీద పాఠకుల ప్రశ్నలు

మన జన్యురాశిలో సగానికి సగం ఒకే రకం వరుసలు మళ్లీ మళ్లీ వచ్చేవేనని గత సంచికలో నాలుగు మాటలు రాశాం. దాని మీద ఓరుగల్లు చుట్టుపక్కల నుంచి, గోదావరి అవతలి నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. జవాబులు రాసినవారు జన్యుశాస్త్రం బోధించే అధ్యాపకులు, ప్రయోగశాలలో పనిచేసేవారు.

మా ఊళ్లె కోతులు మక్కచేన్లను బతకనిస్తలేవు. కొండెంగను తెచ్చి కట్టేస్తే నాలుగు దినాలు భయపడ్డయి, అంతే. అది అట్లుంచితే, కోతికి తోక ఉన్నది, కొండెంగకు ఇంకా పొడుగున్నది, మనకెందుకు లేదు? ఒక్క డీఎన్‌ఏ ముక్క వచ్చి చేరితే తోక పోయిందని మా బిడ్డ చదివి చెప్పింది. నిజమేనా సార్?
– ఒక రైతు, నర్సంపేట

మీ బిడ్డ చెప్పింది చాలావరకు నిజం. తోక పెరగడానికి కావలసిన జన్యువుల్లో టీబీఎక్స్‌టీ ఒకటి. మనిషిలో అది ఆరో క్రోమోజోము మీద ఉంది. ఏ జన్యువులోనైనా ప్రొటీన్‌కు పనికొచ్చే ముక్కలు కొన్ని, వాటి నడుమ కత్తిరించి పారేసే ముక్కలు కొన్ని ఉంటాయి. పనికొచ్చేవి ఎక్సాన్లు, పారేసేవి ఇంట్రాన్లు. సుమారు 2.5 కోట్ల ఏళ్ల కింద టీబీఎక్స్‌టీ ఆరో ఇంట్రాన్‌లోకి దాదాపు 300 అక్షరాల ముక్క ఒకటి వచ్చి చేరింది (డీఎన్‌ఏ రాత అంతా ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతోనే). ఆ రకం ముక్కలను అల్యూ అంటారు. గిబ్బన్, ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీ, మనిషి – తోకలేని ఈ అన్నింటిలో అది అదే చోట ఉంది. కోతిలో లేదు, కొండెంగలో లేదు.

ఇంట్రాన్‌ను ఎట్లాగూ పారేస్తారు కదా, అందులో ముక్క చేరితే ఏం నష్టం అనిపిస్తుంది. అసలు సంగతి ఐదో ఇంట్రాన్‌లో ఉంది. అక్కడ అంతకు ముందే ఇంకో అల్యూ ఉంది, ఇది కోతుల్లోనూ ఉంటుంది. అయితే అది తిరగేసిన దిశలో ఉంది. జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారైనప్పుడు ఈ రెండు అల్యూలు ఒకదానికొకటి సరిపోయి అతుక్కుంటాయి. వాటి మధ్యన ఉన్న ఆరో ఎక్సాన్ ఉచ్చులో పడినట్టు పక్కకు పోతుంది. కత్తిరించి అతికే యంత్రాంగం ఐదు నుంచి నేరుగా ఏడుకు దూకుతుంది. ఫలితంగా ఒక ఎక్సాన్ తక్కువైన ప్రొటీను కూడా తయారవుతుంది. ‘కూడా’ అన్న మాట ముఖ్యం, పూర్తి ప్రొటీను ఆగిపోలేదు.

2024లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన ఇది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒకదాని నుంచి ఆరో ఎక్సాన్‌ను తీసేసిన ఎలుకల్లో కొన్నింటికి తోక పొట్టిగా వచ్చింది, కొన్నింటికి అసలే రాలేదు. రెండు ప్రతుల్లోనూ తీసేస్తే వెన్నుపాము సరిగా మూసుకోక పిల్లలు బతకలేదు. ‘చాలావరకు నిజం’ అని ఎందుకన్నామంటే, తోక ఎదుగుదలతో సంబంధమున్న జన్యువులు వందకు పైగా ఉన్నాయి. మొదటి దెబ్బ ఈ అల్యూది అయి ఉండవచ్చు, తరువాత వచ్చిన మార్పులు దాన్ని స్థిరపరిచి ఉండవచ్చు. ఇంకో మాట: మన ఊళ్లలో తిరిగే కోతి కుటుంబమైన మకాకల్లోనూ తోక బాగా పొట్టిగా ఉన్న జాతులు ఉన్నాయి. వాటిలో ఈ అల్యూ లేదు, అంటే వాటి దారి వేరు.

ఈ అల్యూలు ఎక్కడి నుంచి వచ్చాయి? తమంతట తామే నకళ్లు చేసుకుంటాయా? వాటి వయసు ఎట్లా లెక్కగడతారు?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

పుట్టుక చాలా మామూలు జన్యువు నుంచి. కణంలో కొత్తగా తయారవుతున్న ప్రొటీన్లను సరైన పొర దగ్గరికి చేర్చే కణికలో 7ఎస్‌ఎల్ అనే ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. దాని కురచ ప్రతులు రెండు జతకట్టి, నడుమ ‘ఏ’లు ఎక్కువగా ఉన్న వంతెనతో, చివర ‘ఏ’ల తోకతో అల్యూ అయింది. ఎలుకల్లో బీ1 అనే ముక్కలు కూడా 7ఎస్‌ఎల్ నుంచి వచ్చినవే, కానీ జంట అల్యూ ప్రైమేట్లకే (కోతులు, మనిషి వంటి జాతుల గుంపుకే) ప్రత్యేకం. మనిషి జన్యురాశిలో వీటి ప్రతులు 10 లక్షలకు పైగా ఉన్నాయి, మొత్తంలో దాదాపు పదో వంతు.

తమంతట తాము నకలు చేసుకోలేవు. అల్యూలో ఒక్క ప్రొటీనుకైనా సూచన లేదు. పక్కవాడి పనిముట్లు వాడుకుంటుంది. ఆ పనిముట్లు లైన్-1 అనే పెద్ద ముక్కవి. పూర్తి నిడివి దాదాపు 6,000 అక్షరాలు, ప్రతులు 5 లక్షల చిల్లర, జన్యురాశిలో 17 శాతం. కానీ ఒక మనిషిలో ఇంకా కదలగలిగేవి 80 నుంచి 100 మాత్రమే, మిగతావన్నీ తెగిపోయినవో చెడిపోయినవో. లైన్-1 రెండో ప్రొటీను డీఎన్‌ఏలో ‘టీ’లు వరుసగా ఉన్న చోట ఒక పోగును కోస్తుంది. అల్యూ ఆర్‌ఎన్‌ఏ చివరి ‘ఏ’ల తోక ఆ ‘టీ’ల మీద అతుక్కుంటుంది. అక్కడి నుంచే ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ రాయడం మొదలవుతుంది. రెండో పోగు కోత కొన్ని అక్షరాలు అటు జరిగి పడుతుంది కాబట్టి, పూడ్చేసరికి అల్యూకు రెండు వైపులా ఒకే 7–20 అక్షరాల వరుస మిగులుతుంది. జెనోమ్ బ్రౌజర్‌లో (జన్యురాశిని తెర మీద చూపే వెబ్‌సైటు) ఏదైనా అల్యూ చూస్తే ముందు ఈ జంట వరుసల కోసం వెతకండి. అవి ఉంటే ఆ ముక్క అక్కడికి దూకి వచ్చిందని నమ్మవచ్చు.

ఇట్లా చేరిన ముక్కను అక్షరం తేడా లేకుండా తీసేసే యంత్రాంగం కణంలో లేదు. అదే చోట రెండోసారి అదే రకం ముక్క, అవే జంట వరుసలతో చేరడం మహా అరుదు. అందుకే వంశవృక్షం గీయడానికి అల్యూలంత నమ్మకమైన సాక్ష్యం ఇంకోటి లేదని మా అభిప్రాయం. అక్షరం మారి మళ్లీ వెనక్కి మారవచ్చు, ముక్క మాత్రం అట్లా చేయదు. టార్సియర్ అనే పెద్ద కళ్ల చిన్న జంతువు దేవాంగ పిల్లి వైపుదా, కోతుల వైపుదా అన్న పాత తగాదా కోతుల వైపే అని తేలడంలో ఈ ముక్కలు పెద్ద సాక్ష్యమయ్యాయి. మకాక జాతుల బంధుత్వాలనూ వీటితో సరిచూశారు.

వయసు సంగతి. అన్నిటికన్నా పాతవి అల్యూ-జె, సుమారు 6.5 కోట్ల ఏళ్లవి. తరువాత అల్యూ-ఎస్, ఇప్పటికీ కదులుతున్నవి అల్యూ-వై. ఒక ముక్క తన కుటుంబం మూలరూపం నుంచి ఎంత శాతం మారిందో చూసి, ఏడాదికి ఒక్కో అక్షరానికి దాదాపు 2.2×10⁻⁹ చొప్పున లెక్కవేస్తారు. అంటే పది లక్షల ఏళ్లకు 0.22 శాతం. 10 శాతం తేడా ఉంటే సుమారు 4.5 కోట్ల ఏళ్లు. ఇక్కడ విద్యార్థులు తరచూ పొరబడే చోటు ఒకటుంది. అల్యూలో ‘సీ’ పక్కన ‘జీ’ ఉన్న జంటలు చాలా ఎక్కువ. మిథైల్ గుంపు తగిలిన ‘సీ’ త్వరగా ‘టీ’ అయిపోతుంది. ఆ జంటలు మిగతా అక్షరాల కన్నా ఎన్నో రెట్లు వేగంగా మారతాయి. వాటిని తీసేయకుండా లెక్కవేస్తే ముక్క ఉన్నదానికన్నా ముసలిదిగా తేలుతుంది.

అన్ని ప్రైమేట్లలో వేగం ఒకటి కాదు. చింపాంజీ నుంచి విడిపోయాక మనిషి వంశంలో కొత్తగా చేరిన అల్యూలు దాదాపు 5,000, చింపాంజీలో 2,000 చిల్లర. ఒరాంగుటాన్ వంశం అంతకన్నా చాలా ముందే వేరైనా, దాని జన్యురాశిని 2011లో ప్రచురించినప్పుడు దొరికినవి 250 మాత్రమే. దాదాపు ఆగిపోయిందన్నమాట. మనుషుల్లో ఇప్పటికీ 20 నుంచి 40 కాన్పులకు ఒకటి చొప్పున కొత్త అల్యూ చేరుతున్నట్టు అంచనా.

మనిషి, చింపాంజీ డీఎన్‌ఏ 99 శాతం ఒకటేనని పిల్లలకు చెప్తున్నాం. ఈ మధ్య 85 శాతమేనని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఏది చెప్పాలి?
– జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, మంచిర్యాల

రెండు అంకెలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. పక్కపక్కన పెట్టి అక్షరానికి అక్షరం పోల్చగలిగిన భాగాల్లో తేడా దాదాపు 1.2 శాతం. ఇది 2005లో చింపాంజీ జన్యురాశి వచ్చినప్పటి లెక్క, ఇప్పటికీ చెల్లుతుంది. 2025లో చింపాంజీ, బోనోబో, గొరిల్లా, రెండు రకాల ఒరాంగుటాన్లు, గిబ్బన్ రకమైన సియామాంగ్ – ఈ ఆరింటి జన్యురాశులను ఖాళీల్లేకుండా పూర్తి చేశారు. అప్పుడు అసలు పక్కపక్కన పెట్టలేని భాగం మనిషికీ చింపాంజీకీ మధ్య ఎనిమిదో వంతు దాకా ఉందని తేలింది. అందులో ఎక్కువ భాగం మళ్లీ మళ్లీ వచ్చే వరుసలే: ఒకచోట ఉండి ఇంకోచోట లేనివి, ప్రతుల సంఖ్య మారినవి.

కొట్టొచ్చినట్టు కనిపించే ఉదాహరణ క్రోమోజోముల కొనలు. చింపాంజీ, గొరిల్లాల్లో చాలా క్రోమోజోముల కొనల దగ్గర 32 అక్షరాల వరుస వేలసార్లు వచ్చి టోపీలా కూర్చుని ఉంటుంది. మనిషిలో అది లేదు, ఒరాంగుటాన్‌లోనూ లేదు. వై క్రోమోజోము నిడివి సియామాంగ్‌లో 3 కోట్ల అక్షరాలైతే సుమత్రా ఒరాంగుటాన్‌లో 6.8 కోట్లు. జన్యువులు రెట్టింపు కాలేదు, పెరిగింది ఎక్కువగా పునరావృత వరుసలే.

తరగతిలో ఇట్లా చెప్పవచ్చు: ‘పోల్చగలిగిన చోట నూటికి తొంభైతొమ్మిది పాళ్లు ఒకటే, పోల్చలేని చోట్లు కూడా ఉన్నాయి.’ వాట్సాప్ సందేశం ఆ రెండో అంకెను పట్టుకుని బంధుత్వమే లేదంటే అది తప్పు. ఒకే చోట ఒకే అల్యూ ఇద్దరిలో లక్షలసార్లు కనిపించడమే బంధుత్వానికి రుజువు.

పీవీ92 అల్యూ పీసీఆర్ ప్రాక్టికల్ చేస్తున్నాం. కొందరివి బ్యాండ్ రావు, కొందరివి మసకగా పాకినట్టు వస్తాయి. వచ్చిన వాళ్లకు ఎక్కువగా చిన్న బ్యాండే వస్తోంది. ఎక్కడ తప్పుతోంది?
– ఎమ్మెస్సీ విద్యార్థులు, హనుమకొండ

ఎక్కువమంది అడిగింది ఇదే, కాబట్టి వివరంగా రాస్తున్నాం. పీసీఆర్ అంటే డీఎన్‌ఏలో ఒక్క చోటును మాత్రమే లక్షల ప్రతులు చేయడం. ఆ చోటు రెండు అంచులను గుర్తించే కురచ ముక్కలు ప్రైమర్లు. తయారైన ముక్కలు జెల్ మీద నిడివిని బట్టి విడిపోయి గీతలుగా కనిపిస్తాయి, అవే బ్యాండ్లు.

పీవీ92 పదహారో క్రోమోజోము మీద ఒక చోటు. కొందరి క్రోమోజోములో అక్కడ అల్యూ ఉంది, కొందరిలో లేదు. చింపాంజీలో లేదు, అంటే లేకపోవడమే పాత స్థితి. బోధనకు ఎక్కువగా వాడే ప్రైమర్లతో అల్యూ ఉంటే 941, లేకపోతే 641 అక్షరాల ముక్క వస్తుంది. మీ ప్రైమర్లు వేరైతే అంకెలు వేరుగా ఉండవచ్చు, తేడా మాత్రం 300 దగ్గరే ఉండాలి.

నమూనా: 0.9 శాతం ఉప్పునీరు 10 మిల్లీలీటర్లు నోట్లో పోసుకుని అర నిమిషం గట్టిగా పుక్కిలించాలి. దవడల లోపలి వైపు పళ్లతో మెల్లగా గీరుతూ పుక్కిలిస్తే కణాలు బాగా వస్తాయి. 1 మిల్లీలీటరు తీసి సెంట్రిఫ్యూజ్‌లో 2 నిమిషాలు తిప్పండి. అడుగున తెల్లటి ముద్ద అగ్గిపుల్ల తల అంతైనా కనిపించాలి. లేకపోతే పై నీరు పారబోసి, మళ్లీ ఇంకో మిల్లీలీటరు పోసి తిప్పండి. బ్యాండ్ రాని వాళ్లలో చాలామంది తప్పు ఇక్కడే జరుగుతుంది. ముద్దను 200 మైక్రోలీటర్ల చెలెక్స్‌లో కలిపి, 56 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, తరువాత 100 డిగ్రీల దగ్గర 5–6 నిమిషాలు ఉంచి, మళ్లీ 5 నిమిషాలు తిప్పాలి. పై ద్రవం 20 మైక్రోలీటర్లు మాత్రమే తీసుకోండి. అడుగున ఉన్న చెలెక్స్ గింజ ఒక్కటి పిపెట్‌లోకి వచ్చినా అది పీసీఆర్‌లోని మెగ్నీషియాన్ని పట్టేస్తుంది. మెగ్నీషియం లేకపోతే ప్రతులు తయారుచేసే పాలిమరేజ్ పనిచేయదు. అస్సలు బ్యాండ్ రాకపోవడానికి ఇది రెండో ముఖ్య కారణం. అనుమానం ఉంటే మళ్లీ తిప్పి మళ్లీ తీయండి.

పీసీఆర్: 94 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు. తరువాత 40 చుట్లు: 94 దగ్గర 1 నిమిషం, 60 దగ్గర 1 నిమిషం, 72 దగ్గర 2 నిమిషాలు. చివర 72 దగ్గర 10 నిమిషాలు. మధ్యలో కరెంటు పోయి వస్తే ఆ గొట్టాలను నమ్మకండి. చల్లారినప్పుడు ప్రైమర్లు దొరికిన చోటల్లా అతుక్కుంటాయి.

మసకగా పాకడానికి కారణాలు మూడు. డీఎన్‌ఏ ఎక్కువ కావడం ఒకటి, పది రెట్లు పలుచన చేసి చూడండి. ప్రైమర్ అతికే ఉష్ణోగ్రత తక్కువ కావడం రెండోది, 60 కన్నా దింపకండి. మూడోది ప్రైమర్లు మీరే తయారు చేసుకుంటే వచ్చేది: ఒక ప్రైమర్ అల్యూ లోపల పడి ఉండవచ్చు. 10 లక్షల చోట్ల అతికే ప్రైమర్‌తో స్పష్టమైన బ్యాండ్ రావడం అసాధ్యం. రెండు ప్రైమర్లూ అల్యూ బయట, ఒక్కచోటే ఉండే వరుసలో పడాలి. ఆర్డర్ చేసే ముందు, మళ్లీ మళ్లీ వచ్చే వరుసలను గుర్తించే ప్రోగ్రాం రిపీట్‌మాస్కర్‌లో వేసి చూడండి.

ఇక చిన్న బ్యాండ్ సంగతి. అది నిజమే కావచ్చు. ఈ అల్యూ తూర్పు ఆసియాలో చాలా ఎక్కువ, ఆఫ్రికాలో తక్కువ, మన దేశంలో మధ్యస్థం. కానీ పీసీఆర్‌కు కురచ ముక్క మీద పక్షపాతం ఉంటుంది. రెండు రకాలూ ఉన్న మనిషిలో డీఎన్‌ఏ ముక్కలై పాడైతే 941 రాకుండా 641 ఒక్కటే వస్తుంది. 72 దగ్గర సమయాన్ని 3 నిమిషాలకు పెంచి, తాజా నమూనాతో మళ్లీ చేయండి. రెండు బ్యాండ్లూ ఉన్నవారిలో 941 పైన పలుచగా ఇంకోటి కనిపిస్తే కంగారు పడకండి. ఒక పొడుగు పోగు, ఒక కురచ పోగు జతకట్టి మెల్లగా నడుస్తున్నాయి, అంతే. జెల్ 1.5 నుంచి 2 శాతం చాలు. నీళ్లు మాత్రమే వేసిన గొట్టంలో బ్యాండ్ వస్తే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టండి. మనిషి డీఎన్‌ఏ మీద ప్రయోగం కాబట్టి చేసేవారి డీఎన్‌ఏయే అన్నిటికన్నా సులువుగా కలుస్తుంది.

ఫలితాన్ని సరిచూసే లెక్క ఒకటి. 40 మందిలో రెండు ప్రతులూ అల్యూ ఉన్నవారు 8, ఒక్కటే ఉన్నవారు 20, లేనివారు 12 అనుకుందాం. అల్యూ తరచుదనం (16+20)/80, అంటే 0.45. హార్డీ–వైన్‌బర్గ్ సూత్రం (ప్రతులు యాదృచ్ఛికంగా జతపడితే ఎంతమంది ఉండాలో చెప్పేది) ప్రకారం రావలసినవారు 8.1, 19.8, 12.1. బాగా సరిపోయింది. మీ తరగతిలో మధ్య గుంపు బాగా తక్కువగా వస్తే మేనరికాల వల్ల అని వెంటనే రికార్డులో రాయకండి. ముందు పెద్ద బ్యాండ్ తప్పిపోతోందేమో చూడండి.

అంతా చెత్త డీఎన్‌ఏ అంటారు, అసలు చెత్తే లేదని కూడా అంటారు. ఏది నిజం?
– ఇంటర్ విద్యార్థి, జగిత్యాల

ఎక్కువ భాగం మన శరీరానికి ప్రత్యేకంగా ఏ మేలూ చేయదు, కొద్ది భాగం చాలా మేలు చేస్తుంది. పాత వైరస్ నుంచి మిగిలిన ఒక జన్యువు, సిన్‌సిటిన్-1, మావి కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడానికి తోడ్పడుతుంది. అయితే అట్లాంటివి కొన్ని దొరికాయని మిగతా లక్షలన్నింటికీ పని ఉందనలేం. మీ చేన్లో మక్కలో ఇంకా ఎక్కువ, 85 శాతం దాకా దూకే ముక్కలే. అసలు దూకే జన్యువులను బార్బరా మెక్లింటాక్ కనిపెట్టింది మక్క గింజల మీది రంగు మచ్చలను చూసే, 1983లో నోబెల్ వచ్చింది.

సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. సెంట్రోమియర్ డేటా మీద ప్రోగ్రాం రాస్తే రీడ్లు ఎక్కడా సరిగా కూర్చోవడం లేదు. రిపీట్‌మాస్కర్ లెక్కలు కూడా ఎక్కువ వస్తున్నాయి.
– పెద్దపల్లి

సెంట్రోమియర్‌లో (క్రోమోజోము నడుము వంటి చోటులో) ఉండేది 171 అక్షరాల ఆల్ఫా శాటిలైట్. దాని అమరిక బతుకమ్మ వరుసల వంటిది. తంగేడు, గునుగు, బంతి, చామంతి – ఒక్కో పువ్వు వేరు. కానీ అదే క్రమం మొత్తంగా మళ్లీ మళ్లీ వస్తుంది. పక్కపక్కనున్న 171 ముక్కల మధ్య 20 నుంచి 40 శాతం తేడా ఉండవచ్చు. ఎక్స్ క్రోమోజోములో అట్లాంటివి 12 కలిసి సుమారు 2,000 అక్షరాల గుత్తి అవుతుంది. ఆ గుత్తి ఒకటికి ఒకటి దాదాపు తేడా లేకుండా సుమారు 30 లక్షల అక్షరాల పొడవునా సాగుతుంది. 150 అక్షరాల రీడ్ (యంత్రం ఒకసారికి చదివిన ముక్క) తీసుకుంటే అది ఏ గుత్తిలోదో చెప్పే ఆధారమే లేదు. రీడ్లను వాటి చోట కూర్చోబెట్టే అలైనర్ మ్యాపింగ్ నాణ్యత సున్నా ఇచ్చిందంటే నిజం చెబుతోంది, దాన్ని బలవంతంగా దాటవేయకండి. 15–20 వేల అక్షరాల కచ్చితమైన పొడవు రీడ్లు, లక్ష దాటిన అతి పొడవు రీడ్లు కలిస్తేనే 2022లో మనిషి జన్యురాశి పూర్తయింది. అంతకు ముందు లేని దాదాపు 20 కోట్ల అక్షరాలు, 8 శాతం, అప్పుడే చేరాయి. కాబట్టి హెచ్‌జీ38 మీద (అంతకు ముందటి కూర్పు) సెంట్రోమియర్ పని చేయకండి, ఈ పూర్తి కూర్పు, టీటూటీ, తీసుకోండి. మనిషి సెంట్రోమియర్ వరుసలను చింపాంజీ రీడ్ల మీద వేసి వెతకడమూ వృథా. 171 ముక్క ఇద్దరిలోనూ ఉన్నా, గుత్తుల క్రమం క్రోమోజోముకు క్రోమోజోము మారిపోయింది.

లెక్క ఎక్కువ రావడానికి కారణం వేరు. ఒక లైన్-1 మధ్యలో తరువాత అల్యూ చేరితే రిపీట్‌మాస్కర్ ఆ లైన్-1ను రెండు వరుసల్లో చూపిస్తుంది. చివరి ఐడీ నిలువు వరుసలో రెండింటికీ ఒకే అంకె ఉంటుంది. వరుసలు కాకుండా ఆ అంకెలు లెక్కపెట్టండి.

ప్రయోగశాల లేనివారు మొదటి ప్రశ్నలోని అల్యూను స్వయంగా చూడవచ్చు. యూసీఎస్‌సీ జెనోమ్ బ్రౌజర్‌లో టీబీఎక్స్‌టీ అని వెతికి, రిపీట్‌మాస్కర్ ట్రాక్‌ను పూర్తిగా తెరవండి. ఈ జన్యువు మైనస్ పోగు (కుడి నుంచి ఎడమకు చదివేది) మీద ఉంది కాబట్టి మొదటి ఎక్సాన్ కుడి చివర ఉంటుంది. ఎడమ నుంచి లెక్కపెడితే తప్పు ఇంట్రాన్ చూస్తారు. ఆరో ఇంట్రాన్‌లో అల్యూ-వై దొరికాక ప్రైమేట్ల పోలిక ట్రాక్ తెరిస్తే, అదే చోట రీసస్ కోతిలో ఖాళీ కనిపిస్తుంది.

మా అక్క కొడుక్కు హీమోఫీలియా-ఏ, తీవ్రమైన రకం. మా మేనమామకు కూడా ఉండె. ఎక్సోమ్ టెస్టులో ఏమీ దొరకలేదని వచ్చింది. రోగం డీఎన్‌ఏలో లేనట్టా?
– భూపాలపల్లి

డీఎన్‌ఏలోనే ఉండి ఉంటుంది, ఆ పరీక్షకు కనిపించదు, అంతే. ఫ్యాక్టర్-8 అంటే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీను. దాని జన్యువు 22వ ఇంట్రాన్‌లో సుమారు 9,500 అక్షరాల వరుస ఒకటి ఉంది. అదే వరుస ఎక్స్ క్రోమోజోము మీద దూరంగా ఇంకో రెండు చోట్ల ఉంది. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు లోపలి ప్రతి బయటి ప్రతితో జతపడితే జన్యువు మధ్యకు విరిగి తలకిందులవుతుంది. తీవ్రమైన హీమోఫీలియా-ఏలో 40–45 శాతానికి కారణం ఇదే. అక్షరాలేవీ మారవు, క్రమం మారుతుంది. ఎక్సోమ్ పరీక్ష ఎక్సాన్ల అక్షరాలను మాత్రమే చదువుతుంది.

డాక్టరును ఇంట్రాన్-22 తలకిందుల పరీక్ష విడిగా అడగండి. అది లేకపోతే ఇంట్రాన్-1 తలకిందుల పరీక్ష, అది 1 నుంచి 5 శాతం మందిలో ఉంటుంది. ఆ తరువాతే జన్యువు మొత్తం చదివించడం. అరుదుగా లైన్-1 ముక్క చేరడం కూడా కారణమవుతుంది. 1988లో 240 మంది రోగులను పరీక్షిస్తే ఇద్దరిలో అది దొరికింది, మనుషుల్లో లైన్-1 ఇంకా దూకుతోందని మొదట తెలిసింది అప్పుడే. పరీక్ష ముందు బాబుకు చేయించాలి. అతనిలో మార్పు ఏదో తేలితేనే మీ అక్కకు, మీకు, ఇంట్లో ఆడపిల్లలకు వాహకులా కాదా అన్నది అదే ఒక్క పరీక్షతో కచ్చితంగా చెప్పవచ్చు. ఈలోగా ఫ్యాక్టర్-8 చికిత్స ఆపకండి, అది జన్యు పరీక్ష ఫలితం కోసం ఆగదు. పన్ను తీయించాలన్నా, ఏ చిన్న ఆపరేషన్ అయినా, బాబుకు హీమోఫీలియా ఉందని ముందే చెప్పండి.